ఆకాశపు బిలమును, చేని గుంతయు

ధ్యానభాగములు: యిర్మీయా 10:1–10, యిర్మీయా 32:6–15, నిర్గమకాండము 21:33, 34



ఈ యేటి ఆరుద్ర కార్తెలో మన తాడిపత్రి చుట్టుపట్ల మంచి పదును వాన కురిసిన సంగతి మీకందరికిని జ్ఞాపకమున్నది. ఆ వారమే మేము ఒక పల్లెలో ఇంటి కూటమునకు వెళ్లితిమి. వాక్యము చదివి వివరించి ప్రార్థనకు మోకరింపబోవుచుండగా, వెనుక గోడకు ఆనుకొని కూర్చున్న ఒక సహోదరి లేచి, "అయ్యగారూ, ఆకాశంలో నల్ల బిలం ఒకటుందంట. అది భూమిని మింగేదానికి వస్తాందంట. పిల్లోడు సెల్లులో చూపించినాడు. నిజమేనా?" అని అడిగెను.

మేము నవ్వితిమి. దాచుకొననేల? నిజముగానే నవ్వితిమి. "అవన్నీ పనిలేనోళ్ల మాటలమ్మా, ప్రార్థన చేసుకుందాం" అని కన్నులు మూసికొంటిమి. ఆమె మరి మాటాడక కూర్చుండెను. కూటము ముగిసెను. కాఫీ త్రాగి ఇంటికి వచ్చితిమి.

మూడు వారముల పిమ్మట అదే దారిని పోవుచుండగా ఆ సహోదరి చేను కంటబడినది. ఇరుప్రక్కల చేలలో చెనిక్కాయ మొలకలు బారులు తీరియున్నవి. ఆమె మూడు ఎకరములు మాత్రము దున్నిన చాళ్లు ఎండి, విత్తనము పడక బీడుగా నున్నది. అదను దాటిపోయినది. ఏమమ్మా, ఎందుకు విత్తలేదని అడిగితిమి. "ఎట్లా మింగేస్తుందంట గదా అయ్యా, విత్తనాలకు మళ్లీ అప్పెందుకు చేయాలని ఊరికే ఉన్యా" అనెను. ఆమె ఇంకొక మాటయు అనెను. దానిని తరువాత చెప్పెదము. ఆ దినము మేము నవ్విన నవ్వునకు వెల ఆ మూడు ఎకరముల పంట అని మాత్రము మాకప్పుడు తెలిసినది.

మేము వేదపాఠశాలలో హెబ్రీ అక్షరములు నేర్చితిమి, సంఘచరిత్ర నేర్చితిమి గాని, ఆకాశమందలి బిలములను గూర్చి ఏమియు నేర్వలేదు. తెలియనిదానిని తెలియదని చెప్పక నవ్వుటయే మేము చేసిన తప్పు. కాబట్టి తాడిపత్రిలో విజ్ఞానశాస్త్రము బోధించు ఒక ఉపాధ్యాయుని యొద్దకు పోయి, పలుమారులు కూర్చుండి, అడిగి, ఆయన యిచ్చిన పుస్తకములను చదివితిమి. అందులో తెలిసికొన్నది ఇక్కడ వ్రాయుచున్నాము. ఇది ఆ సహోదరికి ఆ రాత్రి చెప్పవలసియుండిన జవాబు.

బిలము అను మాట మన ప్రాంతమువారికి క్రొత్తది కాదు. తాడిపత్రికి ముప్పది కిలోమీటర్లకు అటు ఇటుగా, కొలిమిగుండ్ల మండలములో బెలుం గుహలున్నవి. బిలము అను మాటయే బెలుం అయ్యెనని చెప్పుదురు. దీపము లేనిదే ఆ గుహలో మన అరచేయి మనకు కనబడదు. అయినను అది బోలుగా నున్న చోటి చీకటి. ఆకాశములోని కృష్ణబిలము అట్టిది కాదు. పేరు బిలమే గాని అది ఖాళీ గుంత కాదు. లెక్కకు మించిన పదార్థము మిక్కిలి చిన్న చోట ఇమిడిపోవుటచేతనే అది చీకటియైనది.

ఇది ఎట్లనగా, రాయి ఒకటి పైకి విసరుడి. అది తిరిగి క్రిందపడును. మరింత బలముగా విసరినయెడల మరింత పైకి పోయి పడును. సెకనుకు 11 కిలోమీటర్లకు మించిన వేగముతో విసరగలిగినయెడల అది భూమిని విడిచి పోవును, తిరిగి రాదు. సూర్యుని విడిచి పోవలెనన్న సెకనుకు 600 కిలోమీటర్లకు పైగా వేగము కావలెను. మరి ఒకానొక వస్తువును విడిచి పోవుటకు వెలుగునకున్న వేగము కూడ చాలదనుకొనుడి. వెలుగు సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోవును. దానికంటె వేగముగా ఏదియు పోజాలదు. అట్టి వస్తువునుండి వెలుగు బయటికి రాదు గనుక అది నల్లనిది. మన భూమినంతయు, కొండలతో సముద్రములతో కూడ, పిల్లలాడుకొను గోలీకాయంత చేయగలిగినయెడల అది కృష్ణబిలమగును. సూర్యుని 6 కిలోమీటర్ల అడ్డుకొలత గల ఉండగా, అనగా మన తాడిపత్రి పట్టణమును దాని శివారులను కప్పునంతగా, అణచిపెట్టవలెను. అట్లు అణచువాడెవడును లేడు. మన సూర్యునికి సుమారు ఇరువది రెట్లు, అంతకు మించి బరువైన నక్షత్రములు తమ కట్టె తామే కాల్చుకొని, ఇక మండుటకు ఏమియు లేనప్పుడు తమ బరువునకు తామే క్రుంగి ఇట్లగునని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. మన సూర్యునికి అంత బరువు లేదు. అది ఎన్నడును కృష్ణబిలము కానేరదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పక పోలేము. ఈ తలంపు మొట్టమొదట ఎవనికి కలిగినదని అనుకొందురు? ఇంగ్లండు దేశములోని యార్క్‌షైరు సీమలో థార్న్‌హిల్ అను పల్లెలో జాన్ మిచెల్ అను సంఘకాపరి యుండెను. 1767 మొదలు 1793లో మరణించు వరకు ఆ పల్లె దేవాలయములోనే సేవచేసెను. ఆదివారము ప్రసంగము చేయుచు, పిల్లలకు బాప్తిస్మమిచ్చుచు, చనిపోయినవారిని సమాధి చేయుచు, మిగిలిన వేళలలో నక్షత్రములను గూర్చి లెక్కలు వేయుచుండెను. సూర్యునివంటి పదార్థముతోనే సూర్యునికి 500 రెట్ల అడ్డుకొలతగల నక్షత్రముండినయెడల దాని వెలుగు దానియొద్దకే తిరిగిపడును గనుక అది మనకు కనబడదని ఆయన వ్రాసెను. ఆ పత్రమును 1783 నవంబరులో లండను రాయల్ సొసైటీవారి సభలో చదివిరి. అట్టి చీకటి నక్షత్రమును ఎట్లు కనుగొనవచ్చునో కూడ ఆయన చెప్పెను: దాని చుట్టు తిరుగు మరియొక వెలుగు నక్షత్రముండినయెడల, ఆ తిరుగుటను బట్టి దీనిని పసిగట్టవచ్చుననెను. తరువాత లోకము ఆ మాట మరచిపోయినది. మావంటి పల్లె పాదిరి ఒకడు రెండువందల నలువది ఏండ్ల క్రిందట ఈ సంగతిని ఆలోచించి భయపడక, దేవుని ఆరాధన మానక, తన మందను విడువక బ్రదికెనని తెలిసికొన్నప్పుడు మేము నవ్విన నవ్వునకు మరింత సిగ్గుపడితిమి.

సరే, అది మన భూమిని మింగునా?

ముందుగా తెలిసికొనవలసినది, కృష్ణబిలము పీల్చునది కాదు. సెల్లులోని బొమ్మలలో అది సుడిగాలివలె దూరమునున్న వాటినన్నిటిని ఈడ్చుకొనుచున్నట్లు చూపుదురు. అది అబద్ధము. ఈ క్షణమున సూర్యుని తీసివేసి, అంతే బరువుగల కృష్ణబిలమును ఆ స్థానమున పెట్టిరనుకొందము. మనకు వెలుగు పోవును, చలితో బిగుసుకొనిపోదుము, అది నిజమే. కాని భూమి నేడు తిరుగుచున్న దారినే తిరుగుచుండును. ఇటు అటు జరుగదు. ఆకర్షణ బరువును, దూరమును బట్టియుండును గాని రంగును బట్టి యుండదు. మిక్కిలి దగ్గరకు పోయినదానికే అపాయము. బావిలో పడువాడు గట్టుమీద నిలిచినవాడే గాని ఊరవతల నున్నవాడు కాడు గదా.

దూరము మాటకు వత్తము. ఇంతవరకు తెలిసిన కృష్ణబిలములలో మనకు మిక్కిలి సమీపమైనదానిని 2022లో కనుగొనిరి. అది ఐరోపావారు నింగికి పంపిన గాయా అను దుర్భిణి మూలముగా బయలుపడినది గనుక దానికి గాయా బీహెచ్ 1 అని పేరు పెట్టిరి. దాని బరువు మన సూర్యునికి సుమారు 10 రెట్లు. దూరము 1,560 కాంతి సంవత్సరములు. ఒక కాంతి సంవత్సరమనగా దాదాపు తొమ్మిదిన్నర లక్షల కోట్ల కిలోమీటర్లు. ఈ లెక్క మాకును తలకెక్కలేదు గనుక వేరు విధముగా చెప్పెదము. దాని ప్రక్కనున్న నక్షత్రమునుండి ఈ రాత్రి మనయొద్దకు చేరు వెలుగు, కడప జిల్లాలో ఎఱ్ఱగుంట్ల చెంతనున్న కలమళ్ల శాసనమును రాతిమీద చెక్కుటకు నూరేండ్లకు ముందే బయలుదేరినది. తెలుగులో మనకు దొరికిన శాసనములలో మొదటిది అదేనందురు. అంతకాలము ఒక్క క్షణమైనను నిలువక పరుగెత్తి ఆ వెలుగు ఇప్పటికి వచ్చినది.

మరియొకటి చూడుడి. ఆ బిలము చుట్టు మన సూర్యునివంటి ఒక నక్షత్రము 186 దినములకొకసారి ప్రదక్షిణము చేయుచున్నది. మిచెల్ పాదిరి చెప్పిన విధముననే, దాని తిరుగుటను బట్టియే బిలమును కనుగొనిరి. సూర్యునికి భూమి ఉన్న దూరముకంటె కొంచెము హెచ్చు దూరములో, ఆ బిలమునకు ఇరుగుపొరుగుగా నున్న ఆ నక్షత్రమునే అది మింగలేదు. మనలను మింగునా?

మన పాలపుంత నడుమ మరింత పెద్దది యున్నది. ఈ అక్టోబరు నెలలో ప్రొద్దుగూకిన తరువాత నైరుతి మూల చూచినయెడల తేలు తోకవలె వంగిన నక్షత్రములు కనబడును. దానికి తూర్పు ప్రక్కన పాలపుంత చిక్కగా తెల్లబారియుండు చోటు దానిది. దాని బరువు సూర్యునికి 40 లక్షల రెట్లు. దూరము సుమారు 27,000 కాంతి సంవత్సరములు. 2022 మే 12న దాని చుట్టునున్న వెలుగు చిత్రమును లోకమునకు చూపిరి. మన సూర్యుడు, దానితోకూడ మన భూమి, ఆ నడుమ చోటును చుట్టి వచ్చుటకు ఇరువది కోట్ల సంవత్సరములకు పైగా పట్టును. గానుగెద్దు గానుగలో పడనట్లే మనమును తిరుగుచున్నాము. ఒంటరిగా సంచరించు బిలములును ఉన్నవి. అట్టిదొకటి సుమారు 5,000 కాంతి సంవత్సరముల దూరముననున్నదని అదే 2022లో ప్రకటించిరి. ఏదియు రాదని ప్రమాణము చేయుటకు మేమెవరము? కాని అట్టిది మన సూర్యుని దాపునకు వచ్చుచుండినయెడల, చాల ముందుగానే గ్రహముల దారులు చెదరి లోకములోని దుర్భిణులన్నియు దానిని పసిగట్టును. ఒక సెల్లులో ఒక పిల్లవానికి మాత్రమే రహస్యముగా తెలియు సంగతి కాదు.

దుర్భిణులు దొరలకే ఉన్నవని అనుకొనకుడి. మన ఆంధ్రదేశములోనే, సూళ్లూరుపేట దాటి పులికాటు సరస్సునకు ఆవల, శ్రీహరికోట నుండి 2015 సెప్టెంబరు 28న ఆస్ట్రోశాట్‌ను, 2024 జనవరి 1న ఎక్స్‌పోశాట్‌ను పైకి పంపిరి. కృష్ణబిలముల దాపున పుట్టు ఎక్సు కిరణములను పరిశీలించుట వాటి పనులలో నొకటి. క్రొత్త సంవత్సరపు ఆరాధనకు మనము గుడికి పోయిన ఆ ఉదయముననే ఆ రెండవది ఎగిరినది. కృష్ణబిలములను గూర్చి మిక్కిలి యెరిగినవారు వాటిని చూచి పారిపోవుట లేదు. కన్నులు చిట్లించి చూచుచున్నారు.

ప్రియులారా, ఆకాశము మీద పడునను భయము మనకు మొదటిసారి కాదు. మన తెలుగు పల్లెలలో పెద్దలను అడుగుడి, స్కైలాబు మాట చెప్పుదురు. అమెరికావారు 1973లో పైకి పంపిన 77 టన్నుల ఆ కట్టడము 1979 జులైలో పడబోవుచున్నదని రేడియోలో చెప్పగా, ఎచ్చట పడునో ఎవరికిని తెలియక ఎందరో గడగడలాడిరి. కోళ్లను మేకలను కోసికొని తినినవారున్నారు. ఎట్లయినను చత్తుమని ఉన్నదంతయు అమ్మి ఖర్చుపెట్టినవారున్నారు. జులై 11న అది కాలిపోవుచు వచ్చి హిందూ మహాసముద్రములోను, ఆస్ట్రేలియా పడమటి ప్రాంతమున ఎస్పెరాన్సు చెంతను పడినది. ఒక్కరికిని దెబ్బ తగులలేదు. మరునాడు లేచినవారికి భూమి యున్నది, సూర్యుడున్నాడు, మేకలు మాత్రము లేవు. ఈ కథ చెప్పుకొని నేడు నవ్వుదురు గాని, మేకలు పోగొట్టుకొన్న ఇంటివారు ఆ యేడు నవ్వియుండరు.

తరువాతి భయము నవ్వు పుట్టించునది కాదు. 2008 సెప్టెంబరు 10న జెనీవా పట్టణము చెంత, నేలకు సుమారు 100 మీటర్ల లోతున, 27 కిలోమీటర్ల చుట్టుకొలత గల సొరంగములో ఒక గొప్ప యంత్రమును మొదటిసారి నడిపిరి. అణువులోని కణములను ఒకదానితో నొకటి ఢీకొట్టించి పరిశోధించుట దాని పని. దానివలన చిన్న కృష్ణబిలము పుట్టి భూమిని లోపలినుండి తినివేయునని కొందరు పుకారు పుట్టించిరి. మన దేశములోని కొన్ని టీవీలవారు దినమెల్ల అదే చూపిరి. మధ్యప్రదేశ్‌లో పదహారేండ్ల బాలిక ఒకతె ఆ మాటలు విని విని, భయముచేత తన ప్రాణమును తానే తీసికొనెనని ఆమె తండ్రి చెప్పగా పత్రికలు వ్రాసినవి.

ఇప్పుడు ఈ సంగతి వినుడి. ఆ దినమున ఆ యంత్రములో కణములను ఢీకొట్టించనేలేదు. ఊరక త్రిప్పి చూచిరి, అంతే. తొమ్మిది దినములకే యంత్రము చెడి ఏడాదికి పైగా ఆగిపోయినది. 2009 నవంబరులో గాని మొదటిసారి ఢీకొట్టించలేదు. అటుతరువాత లెక్కలేనన్ని మారులు ఢీకొట్టించిరి, భూమి యున్నది. ఉండునని వారికి ముందే ఏల తెలిసినదనగా, ఆ యంత్రముకంటె హెచ్చు బలముగల కణములు ఆకాశము నుండి వచ్చి మన గాలిపొరను కోట్లకొలది సంవత్సరములుగా కొట్టుచునే యున్నవి. ఈ చిన్న సంగతిని ఆ బాలికకు ఎవరైన కూర్చుండబెట్టి చెప్పియుండినయెడల! ఆమెయు ఎవరినో అడిగియుండును. వారును నవ్వియుందురేమో.

బిలము ఎవరిని చంపలేదు. భయము చంపినది.

యిర్మీయా పదియవ అధ్యాయములో ప్రభువు తన ప్రజలకు ఈ మాటయే చెప్పుచున్నాడు. చుట్టునున్న జనములు ఆకాశములోని గురుతులను చూచి కలవరపడుదురు. మీరు వారి మార్గమును నేర్చుకొనవద్దని హెచ్చరించుచున్నాడు. బబులోనువారు నక్షత్రములను చూచి రాజులకు కీడు చెప్పి, ఆ భయమును కూడు చేసికొని బ్రదికినవారు. ఆ వృత్తి నేటికిని చావలేదు. చేతిలో సెల్లు వచ్చినది, అంతే. ఎక్కువమంది చూచినకొలది వారికి డబ్బు. మనవారిలోను, పాపము, కొందరు బోధకులు ఇట్టి వార్త దొరికినప్పుడు సంతోషింతురు. భయపడినవాడు త్వరగా మారుమనస్సు పొందునని వారి తలంపు. మేము ఒప్పుకొనము. భయముతో గుడికి వచ్చినవాడు భయము తీరగానే పోవును. ఆ దినమును ఆ గడియయు తనకు సైతము తెలియదని ప్రభువైన యేసే చెప్పెనని మత్తయి 24వ అధ్యాయములో చదువుచున్నాము. ప్రభువునకు తెలియనిది సెల్లులో మాటాడువానికి తెలిసినదా?

వేదము లోకాంతమును గూర్చి చెప్పుట లేదా అని మీరడుగుదురు. చెప్పుచున్నది. ఆకాశములు గతించునని పేతురు తన రెండవ పత్రికలో వ్రాసెను. అది ప్రభువు చేతిలోని సంగతి. దారి తప్పి వచ్చిన బిలము చేతిలోనిది కాదు. అంతకు ముందు జలప్రళయము తీసినప్పుడు దేవుడు నోవహు కాలమున పలికిన మాటలో విత్తు కాలమును కోత కాలమును నిలిపి యుంచెదనన్న వాగ్దానమున్నది. సేద్యగాండ్రకిచ్చిన వాగ్దానమది. పరలోకపు సంగతులు చెప్పుటకు ముందే చేనిపని సంగతి చెప్పెను.

ఇప్పుడు ఆ సహోదరి చెప్పిన రెండవ మాటకు వత్తము. ఆమె సెలవు తీసికొన్న తరువాత దానిని వ్రాయుచున్నాము. చేనిగట్టున నిలిచి, "భయపడకమ్మా, అట్టిది రాదు" అని మేము చెప్పగా, ఆమె మా ముఖము చూచి, "నాకు భయమై కాదయ్యా. వస్తే బాగుండు అనుకున్యా. అందరం ఒగే తూరి పోతాం. అప్పు అడిగేటోడు కూడా ఉండడు గదా" అనెను.

మాకు నోట మాట రాలేదు. ఆమె చేనిలో రెండు బోర్లు వేయించిరి. ఒకటి ఆరువందల అడుగులు, మరియొకటి ఎనిమిదివందలు దాటినది. రెంటిలోను దుమ్మే లేచినది. పెండ్లికి పెట్టిన బంగారము మొదటిదానిలో పోయినది, వడ్డీకి తెచ్చినది రెండవదానిలో పోయినది. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటు ఇటుగా మాత్రమే వాన కురియు మన అనంతపురము సీమలో ఈ కథ ఇంటింటిది, మేము వివరింపనక్కరలేదు. అట్టి యింటిలో లోకాంతమను వార్త బెదరింపుగా రాలేదు, సెలవు చీటివలె వచ్చినది. మేము ఆకాశమును గూర్చి జవాబు వెదకుచుండగా ఆమె అడిగినది భూమిని గూర్చి. రేపు అనునది యున్నదా అని గాక, రేపటిని ఎట్లు మోయవలెనని ఆమె అడిగెను.

ఆకాశపు గురుతులకు జడియవద్దని చెప్పిన ఆ యిర్మీయాయే 32వ అధ్యాయములో ఏమి చేసెనో చూడుడి. బబులోను సైన్యము యెరూషలేమును ముట్టడి వేసియున్నది. పట్టణము పడిపోవునని అందరికంటె ఆయనకే బాగుగా తెలియును. ఆ మాట చెప్పినందుకే కావలిలో నున్నాడు. అట్టి సమయమున పినతండ్రి కుమారుడైన హనమేలు వచ్చి అనాతోతులోని పొలమును కొనుమని అడుగగా, పదియేడు తులముల వెండి తూచియిచ్చి కొనెను. శత్రువుల గుఱ్ఱములు త్రొక్కుచున్న పొలమది! సాక్షులచేత సంతకములు చేయించి, ఆ క్రయపత్రము చాల దినములు నిలుచునట్లు మట్టికుండలో పెట్టించెను. తెలివిగలవాడెవడును చేయని పని. కాని రేపు దేవునిదని నమ్మినవాడు చేసిన పని.

యిర్మీయాకు గుంత సంగతియు తెలియును. 38వ అధ్యాయములో ఆయనను నీళ్లులేని గోతిలో దింపగా బురదలో దిగబడెను. ఎబెద్మెలెకు అను కూషీయుడు రాజును వేడుకొని, మనుష్యులను వెంటబెట్టుకొని వచ్చి త్రాళ్లు వేసి లాగెను. త్రాళ్లు ఒరసికొనకుండ చంకల క్రింద పెట్టుకొమ్మని పాత గుడ్డపేలికలు కూడ దించెను. ఆ గుడ్డపేలికలు మాకెంతో యిష్టము. గోతిలో నున్నవానికి విశ్వాసము చాలదని ఆయన ప్రసంగము చేయలేదు.

సంఘస్థులారా, మీలో ఎవరికైనను ఆ సహోదరికి వచ్చిన తలంపు వచ్చినయెడల ఒంటరిగా నుండకుడి. నడిరేయియైనను మా తలుపు కొట్టుడి. సంఘపెద్దల తలుపు కొట్టుడి. ఈసారి నవ్వము.

చెప్పవలసినది మరియొకటి యున్నది. ఆ దినము చేనిగట్టున నిలిచియుండగా ఆమె రెండవ బోరు మా కంటబడినది. కేసింగు పైపు పెరికి అమ్మివేసిరి. మిగిలినది జానెడు వెడల్పుగల నల్లని గుంత. మీద తుమ్మకంప ఒకటి అడ్డము వేసియున్నది. నాలుగు బారల దూరమున మేకల వెంట ముగ్గురు పసిపిల్లలు ఆడుకొనుచున్నారు. ఆకాశములో 1,560 కాంతి సంవత్సరముల దూరమునున్న బిలమును గూర్చి ఊరంతయు మాటాడినది, పిల్లల కాలిక్రిందనున్న బిలమును గూర్చి ఎవరును మాటాడలేదు.

హర్యానాలో 2006 జులైలో ఐదేండ్ల బాలుడు ఇట్టి గుంతలో పడగా రెండు దినములు శ్రమపడి ప్రాణముతో తీసిరి. దేశమంతయు సంతోషించినది. కాని అందరును అట్లు బయటపడలేదు. 2017 జూనులో తెలంగాణలో చేవెళ్ల చెంత ఇక్కారెడ్డిగూడెములో ఏడాదిన్నర పసిపాప పోయినది. 2020 మేలో మెదకు జిల్లా పోడ్చన్‌పల్లిలో మూడేండ్ల బాలుడు, నీళ్లు పడలేదని అప్పుడే విడిచిన బోరులో పడి, తెల్లవారునప్పటికి శవమై బయటికి వచ్చెను. విడిచిన బోర్లను అడుగు నుండి పై వరకు మన్ను రాళ్లతో పూడ్చవలెనని దేశపు సర్వోన్నత న్యాయస్థానము 2010లోనే ఆజ్ఞ యిచ్చినది. దానికి ఎంతో ముందు మోషే ధర్మశాస్త్రము ఈ సంగతి పలికినది: ఒకడు గొయ్యి త్రవ్వి మూయక విడిచినందున పొరుగువాని ఎద్దయినను గాడిదయైనను అందులో పడినయెడల గోతివాడే నష్టము చెల్లించవలెను. ఎద్దు విషయములోనే అట్లుండగా బిడ్డ విషయములో ఏమి చెప్పుదుము? ఆ గోతివాడు నీళ్ల కొఱకు ఏడ్చి అప్పు చేసి త్రవ్వినవాడే. అతడు దుర్మార్గుడని మేమనము. మూయించుటకు అతని చేతిలో కూలి డబ్బు మిగిలియుండదు. కనుక ఆ పని సంఘము చేయవలసినది.

పోయిన నెలలో యౌవనస్థులు పండ్రెండుగురు రెండు ట్రాక్టర్ల మన్నుతో వచ్చి ఆ రెండవ బోరును పూడ్చిరి. గనిలో పనిచేయు ఒక సహోదరుడు విరిగిన బండ ఒకటి ఉచితముగా తెచ్చి మీద పరచెను. తాడిపత్రి బండ దేశమంతట ఇండ్లకు పరచుచున్నారు; మన చేలకు నాలుగు ఎక్కువ కావు. అదే దినమున సంఘపెద్దలు అప్పు ఇచ్చినవానితో మాటాడి, వడ్డీ నిలిపి అసలు రెండేండ్లలో తీర్చునట్లు ఒప్పించిరి. స్త్రీల సమాజమువారు కానుకల పెట్టెలోనుండి విత్తనములకు డబ్బు ఇచ్చిరి. చెనిక్కాయకు అదను పోయినను ఉలవకు పోలేదు గదా. ఉత్తర కార్తె చినుకులకు మూడు ఎకరములలోను ఉలవలు చల్లిరి. మొన్న చూచితిమి, రెండాకులు విప్పినవి. ఆ సహోదరి మమ్మును చూచి, "అయ్యగారూ, ఆ బిలం ఇంకా యాడుందంట?" అని అడిగి తానే నవ్వెను.

మొదటి బోరు ఇంకను మూయవలసియున్నది. మన ఐదు పల్లెలలో ఇట్టివి మరి పదునాలుగు లెక్కకు వచ్చినవి. వచ్చు శనివారము ఉదయము ఆరు గంటలకు గుడియొద్ద కూడుకొందము. గడ్డపారలు, గంపలు ఎవరివి వారు తెచ్చుకొనవలెను. అన్నము స్త్రీల సమాజమువారు వండుదురు.